నెట్‌వర్క్ డిస్కు లోకల్ ఎన్‌వీఎంఈ కంటే వేగంగా కనిపిస్తోంది: ఫియో లెక్కల్లో దేన్ని నమ్మాలి?

మధురవాడ_సర్వర్లు

అందరికీ నమస్కారం. మధురవాడలోని మా ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఏ డిస్కు మీద పెట్టాలో తేల్చుకోవడానికి ఫియోతో (డిస్కు వేగం కొలిచే ప్రోగ్రామ్) కొలతలు తీస్తున్నాను. వచ్చిన లెక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

డేటాబేస్ నడిచే మెషీన్‌లో 1 టీబీ ఎం.2 ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ) ఉంది. డెస్క్‌టాప్ రకం టీఎల్‌సీ, పీసీఐఈ 3.0లో నాలుగు లేన్లు. స్టోరేజీ మెషీన్ వేరు: 128 జీబీ ర్యామ్, 1.92 టీబీ యూ.2 డిస్కులు రెండు. ఇవి డేటాసెంటర్ రకం, కరెంటు పోతే ఆదుకునే కెపాసిటర్లు లోపలే ఉన్నవి. ఒక యూ.2 మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసి, అందులో పెద్ద ఫైల్ ఒకటి పెట్టి, టార్గెట్‌సీఎల్‌ఐలో ఫైల్‌ఐఓ బ్యాక్‌స్టోర్‌గా (ఫైల్‌నే డిస్కులా చూపించే పద్ధతి) చేసి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే ప్రోటోకాల్) మీద ఇచ్చాను. మధ్యలో 10 గిగాబిట్ స్విచ్, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500. రెండు చోట్లా డెబియన్ 12.

పరీక్ష రెండింటికీ ఒకటే: ఫియో, సీక్వెన్షియల్ రైట్, బ్లాక్ 1 ఎంబీ, క్యూ డెప్త్ (ఒకేసారి పంపి ఉంచే రిక్వెస్టులు) 32, డైరెక్ట్=1 (ర్యామ్ క్యాష్‌ను దాటవేయమని), 20 జీబీ ఫైల్, 5 నిమిషాలు.

లోకల్ డిస్కు మొదట సెకనుకు 2.8 జీబీ చూపించి, 35 సెకన్లు దాటాక 640 ఎంబీ దగ్గరికి పడిపోయింది. మొత్తం సగటు సుమారు 890 ఎంబీ. నెట్‌వర్క్ డిస్కు మాత్రం 5 నిమిషాలూ గీత గీసినట్టు 1,110 ఎంఐబీ. వైరు దాటి వెళ్లే డిస్కు పక్కనే ఉన్న డిస్కును దాటిపోతోందంటే కొలతలోనే ఏదో ఉందనిపిస్తోంది. డైరెక్ట్=1 పెట్టాక కూడా క్యాష్ జోక్యం ఉంటుందా? డేటాబేస్‌కు పనికొచ్చే కొలత అసలు ఏది?

డాల్ఫిన్‌నోస్

మీ రెండు లెక్కలూ నిజమే, కానీ రెండూ కొలిచింది డిస్కును కాదు. లోకల్‌లో కొంత దూరం ఎస్‌ఎల్‌సీ క్యాష్‌ను (డిస్కు లోపల ముందుగా వేగంగా రాసుకునే కొంత ఫ్లాష్) కొలిచారు. నెట్‌వర్క్‌లో మీ 10 గిగాబిట్ తీగను, స్టోరేజీ మెషీన్ ర్యామ్‌ను కొలిచారు.

మొదట తీగ సంగతి. ఎంటీయూ 1500 మీద టీసీపీ హెడర్లన్నీ పోగా 10 గిగాబిట్‌లో మిగిలేది 9.41 గిగాబిట్లు. అంటే సెకనుకు 1,176 ఎంబీ, ఫియో చూపించే ఎంఐబీలోకి మారిస్తే 1,121. మీకొచ్చింది 1,110. గీత గీసినట్టు రావడానికి కారణం అదే: అవతల ఏ డిస్కు ఉన్నా, అసలు డిస్కే లేకపోయినా, ఇంతకు మించి రాదు. ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే టూల్) ఒకసారి అటు, మైనస్ పెద్ద ఆర్ పెట్టి ఇటు నడిపి చూడండి, 9.4 దగ్గరే ఆగుతుంది. ఒక దిక్కు 9.4, ఇంకో దిక్కు 6 లేదా 7 వస్తే మాత్రం అది సరిచేసే దాకా స్టోరేజీ పరీక్షకు పోవద్దు.

ఇక ర్యామ్. డైరెక్ట్=1 దాటవేసేది ఆ ఫియో నడుస్తున్న మెషీన్‌లోని పేజీ క్యాష్‌ను (ఫైళ్ల డేటాను ర్యామ్‌లో ఉంచే చోటు) మాత్రమే. అవతలి మెషీన్‌కు ఆ జెండా చేరదు. ఫైల్‌ఐఓ బ్యాక్‌స్టోర్‌లో రైట్-బ్యాక్ ఆన్‌లో ఉంటే వచ్చిన ప్రతి రైట్ స్టోరేజీ మెషీన్ పేజీ క్యాష్‌లో పడగానే "అయిపోయింది" అని జవాబు వెళ్లిపోతుంది. లైనక్స్‌లో డర్టీ రేషియో (డిస్కులోకి ఇంకా దిగని డేటా ర్యామ్‌లో ఉండగల వాటా) మామూలుగా 20 శాతం. 128 జీబీలో అది సుమారు 25 జీబీ. మీ ఫైల్ 20 జీబీ. 5 నిమిషాలూ అవే పేజీల మీద మళ్లీ మళ్లీ రాస్తున్నారు కాబట్టి ఆ హద్దు దాటే అవకాశమే లేదు. వెనకాల డిస్కులోకి ఎంత దిగిందో, ఎంత వేగంగా దిగిందో ఈ పరీక్ష చెప్పదు. ఇదే ఫైల్ మీద రీడ్ నడిపినా అంతే, 20 జీబీ మొత్తం ర్యామ్ నుంచే వస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రైట్-బ్యాక్ ఉన్నంత మాత్రాన డేటాబేస్ ప్రమాదంలో పడ్డట్టు కాదు. ఆ స్థితిలో టార్గెట్ తనకు రైట్ క్యాష్ ఉందని క్లయింటుకు చెబుతుంది, క్లయింటు ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కులో పడాలని కోరడం) చేసినప్పుడు ఫ్లష్ పంపుతుంది, టార్గెట్ అప్పుడు ఫైల్‌ను నిజంగా సింక్ చేస్తుంది. మీ పరీక్షలో ఎఫ్‌సింక్ లేదు, కాబట్టి ఫ్లష్ వెళ్లలేదు. పోస్ట్‌గ్రెస్ ప్రతి కమిట్‌కూ దాన్ని అడుగుతుంది. కమిట్ ఖర్చు తెలియని కొలత డేటాబేస్‌కు పనికిరాదని నా ఉద్దేశం.

చేయాల్సింది ఈ వరుసలో:

ఫైల్‌ఐఓ తీసేసి ఖాళీగా ఉన్న రెండో యూ.2ను నేరుగా బ్లాక్ బ్యాక్‌స్టోర్‌గా ఇవ్వండి. మధ్యలో ఎక్స్‌ఎఫ్‌ఎస్, పేజీ క్యాష్ రెండూ తప్పుకుంటాయి.

కొత్తగా కొన్న డిస్కు, లేదా బ్లాక్‌డిస్కార్డ్ చేసిన (అంతా ఖాళీ అని చెప్పి చెరిపిన) డిస్కు మీద రీడ్ పరీక్ష నడపకండి. రాయని చోట చదవమంటే కంట్రోలర్ ఫ్లాష్ దాకా వెళ్లకుండానే సున్నాలు ఇచ్చేస్తుంది, లేటెన్సీ నమ్మలేనంత తక్కువ వస్తుంది. ముందు డిస్కు మొత్తాన్ని 128కే బ్లాకుతో రెండుసార్లు వరుసగా రాసి నింపండి. ఆ తర్వాత 4కే ర్యాండమ్ రైట్ నిలకడ వచ్చేదాకా నడపండి. 1.92 టీబీకి ఇది గంటల పని, రాత్రికి వదిలేయండి.

డిస్కును నేరుగా పేరు పెట్టి రాయిస్తే దానిమీద ఉన్నదంతా పోతుంది. మౌంట్ అయి ఉన్న డిస్కు మీద రాయడానికి ఫియో తనంతట తానే ఒప్పుకోదు గానీ, మౌంట్ కానిదాన్ని అడగకుండా చెరిపేస్తుంది. రీబూట్ తర్వాత ఎన్‌వీఎంఈ 0, 1 నంబర్లు తారుమారు కావచ్చు. అందుకే డెవ్ కింద డిస్క్, దాని కింద బై-ఐడీలో సీరియల్ నంబరుతో ఉండే పేరే వాడండి.

అప్పుడు రెండు చోట్లా ఇవే రెండు పరీక్షలు. మొదటిది: ర్యాండ్‌రీడ్, బీఎస్=8కే (పోస్ట్‌గ్రెస్ పేజీ సైజు అదే), ఐఓడెప్త్=1, నమ్‌జాబ్స్=1, డైరెక్ట్=1, ర్యాంప్_టైమ్=30, రన్‌టైమ్=300, టైమ్_బేస్డ్. రెండోది: సీక్వెన్షియల్ రైట్, బీఎస్=8కే, ఐఓఇంజిన్=సింక్, ఎఫ్‌డేటాసింక్=1, సైజ్=1జీ, ఓవర్‌రైట్=1, ఇది ఫైల్ సిస్టమ్ మీద. ఓవర్‌రైట్ ఎందుకంటే, కొత్తగా కేటాయించిన చోట రాస్తే ప్రతి సింక్‌తో పాటు ఫైల్ సిస్టమ్ జర్నల్ కూడా రాయాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన 16 ఎంబీ వాల్ (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) ఫైళ్లను ముందే సున్నాలతో నింపి, తర్వాత వాటినే తిరిగి వాడుకుంటుంది. పరీక్ష కూడా అలాగే ఉండాలి.

ఫలితం చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఫియో చూపించే సీలాట్ (రిక్వెస్టు పూర్తి కావడానికి పట్టిన సమయం) వరుసలో సింక్ సమయం కలవదు. కింద "ఎఫ్‌సింక్/ఎఫ్‌డేటాసింక్" అని వేరే గుంపు వస్తుంది, మీకు కావాల్సింది అందులోని 99వ పర్సంటైల్ (నూటికి 99 సింక్‌లు ఆ సమయంలోపు అయిపోయాయని).

మధురవాడ_సర్వర్లు

వివరానికి ధన్యవాదాలు సార్. బ్లాక్ బ్యాక్‌స్టోర్‌కు మార్చి, డిస్కు నింపి, రెండు పరీక్షలూ నడిపాను. ఐపెర్ఫ్3 రెండు వైపులా 9.41.

8కే ర్యాండమ్ రీడ్, క్యూ డెప్త్ 1: లోకల్ సగటు 80 మైక్రోసెకన్లు, నెట్‌వర్క్ 240.
ఎఫ్‌డేటాసింక్ సగటు: లోకల్ 1.9 మిల్లీసెకన్లు, నెట్‌వర్క్ 0.17.

రీడ్‌లో లోకల్ మూడు రెట్లు మేలు, సింక్‌లో నెట్‌వర్క్ పది రెట్లు మేలు. సింక్ లెక్క ఈసారి నిజమేనా, ఇంకా ఎక్కడైనా ర్యామ్ జవాబిస్తోందా? పైగా ఆ 240ని తగ్గించే దారి ఉందా?

గాజువాక_కెర్నల్

సింక్ లెక్క నిజమే గురూ. మీ ఎం.2లో కెపాసిటర్లు లేవు. ఫ్లష్ వచ్చినప్పుడు అది డీర్యామ్‌లోనో ఎస్‌ర్యామ్‌లోనో ఉన్నదాన్ని, దాని చిరునామా పట్టికతో సహా ఫ్లాష్‌లోకి దింపాకే జవాబివ్వాలి, ఆ పనికి మిల్లీసెకన్లు పడతాయి. యూ.2లో కెపాసిటర్లు ఉన్నాయి గనుక దాని బఫర్‌లో పడ్డది భద్రంగా ఉన్నట్టే లెక్క. ఫ్లష్‌కు అక్కడ పనేమీ ఉండదు. కాబట్టి మీరు చూసే 0.17 దాదాపుగా ఒక నెట్‌వర్క్ రాకపోకల ఖర్చు. ఉరుముల వానకు కరెంటు పోయిన రోజున కమిట్ చేసిన లావాదేవీ నిలబడాలంటే ఈ కెపాసిటర్లే దిక్కు. డిస్కు కొనేటప్పుడు సెకనుకు ఎన్ని జీబీ అని చూసే ముందు ఇది ఉందో లేదో చూడాలి.

ఇక రీడ్. క్యూ డెప్త్ 1 దగ్గర లెక్క సూటిగా ఉంటుంది: సెకనుకు ఆపరేషన్లు అంటే 1ని లేటెన్సీతో భాగించడమే. 80 మైక్రోసెకన్లకు 12,500. 240కి 4,160 చిల్లర. క్యూ డెప్త్ 32 పెడితే రెండూ ఎగబాకుతాయి, తేడా కనబడకుండా పోతుంది. కానీ ఒక క్వెరీ ఇండెక్స్ పట్టుకుని ఒక్కొక్క పేజీ వెతుక్కుంటూ పోతుంటే అది క్యూ డెప్త్ 1 పనే.

అదనంగా పడుతున్న సుమారు 160 మైక్రోసెకన్లు ఎక్కడ పోతున్నాయో ఊహించకుండా కొలవండి. స్టోరేజీ మెషీన్‌లో నల్_బ్లాక్ మాడ్యూల్ లోడ్ చేస్తే నల్‌బీ0 అని ఉత్తుత్తి డిస్కు వస్తుంది. అడిగిన వెంటనే ఏమీ చేయకుండా "అయింది" అంటుంది. దాన్ని అదే టార్గెట్‌లో అదే పద్ధతిలో ఇచ్చి, క్లయింటు నుంచి అదే 8కే ర్యాండమ్ రీడ్ నడపండి. వచ్చే అంకె పూర్తిగా నెట్‌వర్క్, ప్రోటోకాల్ ఖర్చు, అందులో డిస్కు వాటా ఏమీ ఉండదు. యూ.2ను స్టోరేజీ మెషీన్‌లోనే నేరుగా కొలిచిన అంకె, ఈ అంకె కలిపితే 240కి దగ్గరగా రావాలి. రాకపోతే మధ్యలో ఇంకేదో ఉంది.

నల్‌బీ0 అంకె 100 పైన ఉంటే తగ్గించే చోట్లు ఇవి, నేనైతే ఈ వరుసలోనే వెళ్తాను.

ప్రాసెసర్ నిద్ర: క్యూ డెప్త్ 1 అంటే ప్రతి రిక్వెస్టుకూ మధ్యలో కోర్ ఖాళీగా ఉంటుంది, లోతైన సీ-స్టేట్‌లోకి జారుకుంటుంది, లేవడానికి పదుల మైక్రోసెకన్లు తీసుకుంటుంది. రెండు మెషీన్లలోనూ ఇదే. సీపీయూపవర్‌తో గవర్నర్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి, ఐడిల్-సెట్ మైనస్ పెద్ద డీ 0 పెట్టి చూడండి. కరెంటు, వేడి రెండూ పెరుగుతాయి, కాబట్టి కొలిచి లాభం ఉంటేనే ఉంచండి.

నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టులు: కార్డు ప్యాకెట్లను కాసేపు పోగేసి ఒక్కసారి కబురు చేస్తుంది. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద సీతో అడాప్టివ్-ఆర్‌ఎక్స్ ఆఫ్, ఆర్‌ఎక్స్-యూసెక్స్ 0. ఇది కూడా రెండు వైపులా. పెద్ద బ్లాకుల పని ఎక్కువైతే దీనివల్ల సీపీయూ వాడకం పెరుగుతుంది.

ప్రోటోకాల్: ఐస్కజీ బదులు ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీ. లైనక్స్ కెర్నల్‌లోకి ఇది 5.0తో, 2019లో వచ్చింది. డెబియన్ 12లో ఉన్నది 6.1, అదనంగా కొనేది గానీ కంపైల్ చేసేది గానీ లేదు. స్టోరేజీ వైపు ఎన్‌వీఎంఈటీ-టీసీపీ మాడ్యూల్ లోడ్ చేసి, కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) ఎన్‌వీఎంఈటీ కింద సబ్‌సిస్టమ్ ఒకటి, అందులో నేమ్‌స్పేస్ 1, దాని డివైస్_పాత్‌లో డిస్కు బై-ఐడీ పేరు, ఎనేబుల్‌లో 1. తర్వాత పోర్టు: టీఆర్‌టైప్ టీసీపీ, చిరునామా, 4420. పోర్టు కింద సబ్‌సిస్టమ్‌కు సింబాలిక్ లింక్ వేయడం మర్చిపోతే అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఉండి కనెక్ట్ మాత్రం అవదు. క్లయింటులో ఎన్‌వీఎంఈ కనెక్ట్. హోస్ట్ ఎన్‌క్యూఎన్‌ను (క్లయింటు మెషీన్ గుర్తింపు పేరు) అనుమతుల జాబితాలో చేర్చండి. ఎవరొచ్చినా సరే అనే సెట్టింగు పరీక్షకు సులువే గానీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా మీ డేటాబేస్ డిస్కును తగిలించుకోగలదు.

కనెక్ట్ అయ్యాక ఈ డిస్కు కూడా ఎన్‌వీఎంఈ అనే పేరుతోనే వస్తుంది, లోకల్‌ది ఏదో నెట్‌వర్క్‌ది ఏదో పేరు చూసి తెలియదు. ఎన్‌వీఎంఈ లిస్ట్‌లో మోడల్ చూసి, బై-ఐడీ పేరుతోనే ఫియో నడపండి.

ఎంటీయూ 9000 గురించి అందరూ ముందు చెబుతారు. 8కే పనికి దానివల్ల వచ్చేది తక్కువ, ఒక్క స్విచ్ పోర్టులో మరిచిపోతే పెద్ద ప్యాకెట్లు మాయమై కనెక్షన్ వేలాడుతుంది. పెట్టదలిస్తే పింగ్‌కు మైనస్ ఎం డూ, మైనస్ ఎస్ 8972 ఇచ్చి రెండు వైపులా దాటుతోందో లేదో నిర్ధారించుకోండి.

ఎర్రమట్టిదిబ్బలు

పైన ఎవరూ ఉష్ణోగ్రత ప్రస్తావన తేలేదు. మన ఊళ్లో అది వదిలేసే విషయం కాదు. 35 సెకన్ల దగ్గర పడిపోవడం ఎస్‌ఎల్‌సీ క్యాష్ నిండడమే (2.8 జీబీ చొప్పున దాదాపు 98 జీబీ), కానీ నిమిషాల తర్వాత వచ్చే రెండో పతనం వేడి వల్ల కావచ్చు. రెండూ గ్రాఫ్‌లో ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎన్‌వీఎంఈ స్మార్ట్-లాగ్‌లో తెలుస్తుంది: పరీక్షకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి, టెంపరేచర్‌తో పాటు వార్నింగ్ టెంపరేచర్ టైమ్, థర్మల్ మేనేజ్‌మెంట్ ట్రాన్సిషన్ కౌంట్ అనే అంకెలు పెరిగాయేమో చూడండి. పెరిగితే ఆ పరీక్ష ఫలితం మీ గదిది, డిస్కుది కాదు. సాయంత్రం ఆఫీసు మూసి ఏసీ ఆపేసే అలవాటు ఉంటే, రాత్రంతా నడిచే ర్యాండమ్ రైట్ పరీక్ష మే నెలలో ఒకలా, డిసెంబరులో ఒకలా వస్తుంది. ఎం.2కు హీట్‌సింక్, దాని మీదుగా గాలి, ఈ రెండూ ఉండాలి. గాలి లేని హీట్‌సింక్ పతనాన్ని కాస్త వాయిదా వేస్తుంది, ఆపదు.

సముద్రపు ఉప్పుగాలి ఇంకో సంగతి. కనెక్టర్ల మీద పొర పడితే పీసీఐఈ లింకు నాలుగు లేన్ల బదులు రెండుతో సర్దుకోవచ్చు, 8 జీటీ బదులు 5కో 2.5కో దిగవచ్చు. సిస్టమ్ ఫిర్యాదు చేయకుండా నడుస్తూనే ఉంటుంది. ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీవీలో లింక్ కేపబిలిటీ వరుస, లింక్ స్టేటస్ వరుస పక్కపక్కన పెట్టి పోల్చండి. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) సరిదిద్దిన ఏఈఆర్ (పీసీఐఈ లింకు) లోపాలు వరుసగా వస్తుంటే డిస్కు తీసి కాంటాక్టులు శుభ్రం చేసి మళ్లీ పెట్టండి.

నిలకడ వచ్చిందని ఎలా తేల్చాలి అంటే ఎస్‌ఎన్‌ఐఏ (స్టోరేజీ పరిశ్రమ సంఘం) పద్ధతి మంచిది: చివరి 5 రౌండ్ల అంకెల్లో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా సగటులో 20 శాతం మించకూడదు, వాటి గుండా గీసిన గీత వాలు 10 శాతం మించకూడదు. కంటితో చూసి "ఇక ఆగిందిలే" అనుకుంటే చెత్త సేకరణ (డిస్కు పాత బ్లాకులను ఖాళీ చేసుకోవడం) మొదలవ్వకముందే పరీక్ష ఆపేస్తారు.

మధురవాడ_సర్వర్లు

నల్‌బీ0 పరీక్ష ఈ వారమే పెడతాను. చివరగా ఒకటి. డేటా మొత్తం సుమారు 300 జీబీ, డేటాబేస్ మెషీన్ ర్యామ్ 64 జీబీ. వాల్‌ను, డేటాను వేరు వేరు డిస్కుల మీద పెడితే, అంటే డేటా లోకల్‌లో, వాల్ నెట్‌వర్క్‌లో, రెండింటి లాభం దక్కుతుందా?

డాల్ఫిన్‌నోస్

దక్కుతుంది, కానీ నేను ఒప్పుకోను. అప్పుడు డేటాబేస్ బతకాలంటే రెండు మెషీన్లూ, స్విచ్, ఎం.2 అన్నీ బతికి ఉండాలి, ఏ ఒక్కటి పోయినా ఆగిపోతుంది. పైగా చెక్‌పాయింట్ (ర్యామ్‌లోని మార్పులను డేటా ఫైళ్లలోకి దింపే పని) వచ్చినప్పుడు డేటా ఫైళ్లను కూడా సింక్ చేయాలి, అది మళ్లీ ఆ 1.9 మిల్లీసెకన్ల డిస్కు మీదే. ఖాళీగా ఉన్న రెండో యూ.2ను తీసి డేటాబేస్ మెషీన్‌లోనే పెట్టగలిగితే రీడ్, సింక్ రెండూ కలిసొస్తాయి. ఎం.2 స్లాట్ నుంచి యూ.2కు అడాప్టరు, కేబులు దొరుకుతాయి. యూ.2కు 12 వోల్టులు విడిగా కావాలి, ఎం.2 స్లాట్ 3.3 మాత్రమే ఇస్తుంది, కాబట్టి పవర్ కనెక్టరు ఉన్న అడాప్టరే తీసుకోండి. డిస్కు మీదుగా గాలి కూడా ఏర్పాటు చేయాలి.

అది కుదరక నెట్‌వర్క్ మీదే పెట్టాల్సి వస్తే ఇంకో రెండు పరీక్షలు చేయకుండా నిర్ణయం తీసుకోవద్దు.

ఒకటి, నిర్ణీత వేగం మీద లేటెన్సీ. ఫియో మామూలుగా ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి పంపుతుంది. డిస్కు ఒక సెకను మొద్దుబారితే ఆ సెకనులో రావాల్సిన వందల రిక్వెస్టులు లెక్కలోకే రావు, పర్సంటైల్ అందంగా కనిపిస్తుంది. రేట్_ఐఓపీఎస్‌తో మీ అసలు లోడుకు దగ్గరి అంకె, రేట్_ప్రాసెస్=పాయిసాన్ పెట్టి, 99.9 పర్సంటైల్ చూడండి. తర్వాత పీజీబెంచ్‌తో (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే లోడు పరీక్ష టూల్) 64 జీబీకి బాగా మించిన డేటా మీద అర గంట నడపండి. చిన్న స్కేల్ పెడితే అంతా ర్యామ్‌లోనే ఇమిడిపోయి రీడ్ పరీక్ష జరగనే జరగదు.

రెండు, పీజీబెంచ్ నడుస్తుండగా స్టోరేజీ కేబుల్ పీకి, 30 సెకన్ల తర్వాత మళ్లీ పెట్టండి, ఇంకోసారి 5 నిమిషాల తర్వాత పెట్టండి. ఓపెన్-ఐస్కజీలో రీప్లేస్‌మెంట్ టైమౌట్ మామూలుగా 120 సెకన్లు. అంతలోపు లింకు తిరిగొస్తే పనులు ఆగి మళ్లీ సాగుతాయి, దాటితే ఐఓ ఎర్రర్. ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీలో కంట్రోలర్ లాస్ టైమౌట్ 600 సెకన్లు. ఎర్రర్ వచ్చి ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ప్యానిక్ అయి ఆగిపోతుంది. లింకు తిరిగొచ్చి డిస్కు అందుబాటులోకి వచ్చాక దాన్ని మళ్లీ మొదలుపెడితే వాల్ నుంచి కోలుకోవాలి, అది ఎంతసేపు పడుతుందో ఆ రోజే రాసిపెట్టుకోండి. డేటా చెక్‌సమ్‌లు ఆన్ చేసిన క్లస్టర్ మీదే ఈ పరీక్ష చేయండి, ఆ తర్వాత సర్వర్‌ను మామూలుగా ఆపి, పీజీ_చెక్‌సమ్స్ నడిపితే ఏ పేజీ అయినా చెడిందేమో తెలిసిపోతుంది.